సీఎన్‌సీ రౌటర్‌లో లోతు తేడా: దొరికే వరకు నేను పడిన తిప్పలు

నాది సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ ప్రోగ్రాం ప్రకారం బిట్‌ని తిప్పుతూ చెక్క కోసే మిషన్. ఒకే షీట్, ఒకే ప్రోగ్రాం, ఒకే బిట్. పాకెట్లన్నీ (చెక్కలో తవ్వే గుంటలు) 6 మి.మీ. లోతు రావాలి. ముందు ఎడమ మూలలో మొదట కోసినది 6.0 వచ్చింది, షీట్ మధ్యలోవి 5.7, వెనక కుడి మూలకి వచ్చేసరికి 6.5. ఇన్‌లే పని అది, పాకెట్లో పెట్టే చెక్క ముక్క పైకి తేలకూడదు, లోపలికి దిగకూడదు. అర మిల్లీమీటరు తేడా అంటే ముక్క పెట్టగానే చేతికి తెలిసిపోతుంది. ఇది ఫిబ్రవరి చివర్లో మొదలైంది. ఏప్రిల్ మధ్యలో గానీ నా మిషన్ మళ్ళీ నమ్మకంగా కోయలేదు. ఈ మధ్యలో ఏం జరిగిందో వరసగా రాస్తున్నాను, ఇదే బాధలో ఉన్నవాళ్ళకి కొన్ని రాత్రుల నిద్రైనా మిగులుతుందని.

మిషన్ గురించి రెండు ముక్కలు. చిన్న రౌటర్, జెడ్ యాక్సిస్‌కి (బిట్‌ని పైకి కిందకి కదిపేది) 1605 బాల్ స్క్రూ (16 మి.మీ. వ్యాసం, ఒక చుట్టుకి 5 మి.మీ. కదులుతుంది), ఈఆర్11 కొల్లెట్ (బిట్‌ని బిగించి పట్టుకునేది) ఉన్న స్పిండిల్ (బిట్‌ని తిప్పే మోటారు), జీఆర్‌బీఎల్ కంట్రోలర్ (ప్రోగ్రాంని సిగ్నల్స్‌గా మార్చేది), విడిగా స్టెప్పర్ డ్రైవర్లు (ఆ సిగ్నల్స్ ప్రకారం యాక్సిస్ మోటార్లని తిప్పేవి). డ్రైవర్‌లో చుట్టుకి 1600 పల్స్‌లు (ఒక్కో పల్స్ మోటారుని ఒక చిన్న స్టెప్పు తిప్పుతుంది) పెట్టి ఉంది కాబట్టి మిల్లీమీటరుకి 320 పల్స్‌లు. ఈ అంకె తర్వాత పనికొస్తుంది.

మొదటి రోజు చేసిన పని, ఆ పాడైన షీట్‌ని పారేయకుండా ప్రతి పాకెట్‌నీ వెర్నియర్ వెనక పుల్లతో కొలిచి, ఆ అంకెని పాకెట్ లోపలే పెన్సిల్‌తో రాయడం, పక్కనే అది ఎన్నో వరసలో కోసినదో కూడా వేయడం. అప్పుడు అంత ఆలోచించి చేసినది కాదు, కానీ నెలన్నర పాటు నేను మళ్ళీ మళ్ళీ తీసి చూసుకున్నది ఆ షీట్‌నే. అంకెలు మాత్రం గజిబిజిగా ఉన్నాయి. పోనూ పోనూ లోతు పెరుగుతోందనుకుంటే మధ్యలోవి తగ్గాయి. ఒక వైపు వాలిందనుకుంటే వరసలు కుదరడం లేదు.

మిషన్లు బాగు చేసే ఒకాయనకి ఫోన్ చేశాను. "సార్, లోతు ఎక్కువ దిగుతోందంటే స్టెప్స్ వాల్యూ కొంచెం తగ్గించండి, సరిపోతుంది" అన్నాడు. అంటే జీఆర్‌బీఎల్‌లో $102, జెడ్‌కి మిల్లీమీటరుకి ఎన్ని పల్స్‌లో చెప్పే సెట్టింగ్. నాకు మనసొప్పలేదు. ఆ అంకె తప్పైతే తేడా అన్ని చోట్లా ఒకే లెక్కలో రావాలి, 6 మి.మీ. అడిగితే అన్ని పాకెట్లూ 6.5 రావాలి, ఒకటి 5.7 ఇంకొకటి 6.5 ఎలా వస్తాయి? అయినా పెద్దవాడు చెప్పాడు కదా అని డయల్ గేజ్ (సూది ఎంత కదిలిందో కొలిచి చూపేది) పెట్టి చూశాను. మాగ్నెట్ బేస్‌ని ఫ్రేముకి అంటించి, సూదిని జెడ్ ప్లేటు మీద ఆనించి, 10 మి.మీ. దింపమంటే 10.00 దిగింది. మళ్ళీ పైకి రప్పిస్తే 0.02 తేడా. అది బ్యాక్‌లాష్ (దిక్కు మారినప్పుడు స్క్రూలో ఉండే వదులు), పట్టించుకోవలసినంత కాదు. $102 జోలికి వెళ్ళలేదు. ఇప్పటికీ అదే అంకె ఉంది. దాన్ని మార్చి ఉంటే ఆ షీట్‌లో ఒక మూల సరిపోయేది, మిగతావన్నీ ఇంకా పాడయ్యేవి, పైగా తర్వాత కొలిచే ఏ కొలతనీ నమ్మడానికి లేకుండా పోయేది.

దారి చూపించింది ఒక చిన్న ప్రయోగం. అదే ప్రోగ్రాంని వరస తిరగేసి నడిపాను, వెనక కుడి మూల నుంచి మొదలుపెట్టి ముందు ఎడమ మూలలో ముగిసేలా. ఇంకో షీట్ పోయింది, పోతే పోయింది. ఈసారి వెనక కుడి మూల 6.0, ముందు ఎడమ మూల 6.6. మధ్యలోవి మాత్రం మళ్ళీ 5.8 దగ్గరే. ఆ అంకెలు చూడగానే గుండె కొంచెం తేలికపడింది, ఎందుకంటే ఇది ఒక జబ్బు కాదు, రెండు. ఒకటి చోటుతో పాటు ఉంటోంది, షీట్ మధ్యలో ఎప్పుడు కోసినా లోతు తక్కువే. రెండోది వరసతో పాటు పోతోంది, ఎక్కడ మొదలుపెట్టినా చివర కోసినది ఎక్కువ దిగుతోంది. రెండూ కలిసి ఒకదాన్నొకటి కప్పేస్తున్నాయి. ఈ తిరగేసి నడిపే పద్ధతి ఎవరికైనా మొట్టమొదట చెయ్యమనే చెప్తాను, ఏ స్క్రూ విప్పకముందే.

చోటుతో ఉన్నదాన్ని ముందు పట్టుకున్నాను, అది తేలికని. డయల్ గేజ్‌ని స్పిండిల్‌కి బిగించి, సూదిని స్పాయిల్‌బోర్డ్ (షీట్ కింద ఉండే బోర్డు) మీద ఆనించి నాలుగు మూలలకీ మధ్యకీ తిప్పాను. మధ్యలో 0.4 మి.మీ. గుంట. ఎండీఎఫ్ బోర్డు అది, తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే మళ్ళీ అదే ఆకారానికి రాదు, పైగా నేను మధ్యలోనే ఎక్కువ పని చేస్తాను. గుంటలో కూర్చున్న షీట్ పైభాగం కూడా 0.4 కిందకి ఉంటుంది, జీరో (లోతు లెక్క మొదలయ్యే ఎత్తు) మాత్రం మూలలో తీసుకున్నది, కాబట్టి మధ్యలో లోతు అంత తగ్గుతుంది. లెక్క కుదిరింది.

స్పాయిల్‌బోర్డ్‌ని 25 మి.మీ. సర్ఫేసింగ్ బిట్‌తో పై నుంచి చెక్కించాను. ఒక సాయంత్రం అంతా పట్టింది, గది మొత్తం పిండి పిండి. మాస్కు లేకుండా ఆ పని అస్సలు చెయ్యొద్దు, ఎండీఎఫ్ దుమ్ము చాలా సన్నగా ఉంటుంది, లోపలికి పోతే రెండు రోజులు గొంతు పట్టేస్తుంది. చెక్కిన తర్వాత బోర్డు మీద చెయ్యి పెట్టి తడిమితే వరసల మధ్య గోరుకి తగిలేంత మెట్టు తెలిసింది. అంటే స్పిండిల్ నిట్టనిలువుగా లేదు, కొంచెం ఒరిగి ఉంది. స్పిండిల్ బ్రాకెట్ వెనక సన్నటి షిమ్ (రేకు ముక్క) పెట్టి, బార్ చివర డయల్ గేజ్ కట్టి స్పిండిల్‌ని చేత్తో గుండ్రంగా తిప్పుతూ నాలుగు వైపులా అంకె ఒకటే వచ్చేదాకా సర్ది, మళ్ళీ ఒక పలుచటి పొర చెక్కించాను. ఈసారి మెట్లు లేవు.

ఇక్కడే ఇంకో సంగతి బయటపడింది. బోర్డు సమంగా ఉన్నా, పైన పెట్టే ప్లైవుడ్ సమంగా ఉండనక్కర్లేదు. కొత్త షీట్ అంచులకి క్లాంపులు వేసి మధ్యలో వేలితో కొడితే బోలుగా మోగింది. కింద గాలి ఉంది, షీట్ విల్లులా లేచి ఉంది. అంచులు మాత్రమే బిగిస్తే మధ్య అలాగే లేచి ఉంటుంది. అప్పటి నుంచి మధ్యలో, వ్యర్థంగా పోయే చోట, ఒకటి రెండు స్క్రూలు దించుతున్నాను, స్క్రూ పెట్టలేని చోట డబుల్ సైడ్ టేపు. 18 మి.మీ. అని అమ్మే ప్లైవుడ్ 18 ఉండదు కూడా, 17.5 వచ్చినవి ఉన్నాయి, ఒకే షీట్‌లో అటు ఇటు తేడా ఉన్నవీ ఉన్నాయి. అందుకే షీట్‌ని అడుగుదాకా కోసే పనికి జీరోని షీట్ పై నుంచి కాకుండా బోర్డు మీద తీసుకుంటున్నాను, పాకెట్ లోతు ముఖ్యమైతే షీట్ పైన.

మార్చి మొదటి వారం దాటింది. మళ్ళీ అదే ప్రోగ్రాం నడిపి కొలిస్తే 6.0, 6.1, 6.2, అలా పెరుగుతూ చివర 6.5. చెడ్డ అంకెలే, కానీ నాకు సంతోషం వేసింది. గజిబిజి పోయి వరసలోకి వచ్చాయి. ఇప్పుడు మిగిలింది ఒకటే జబ్బు అనుకున్నాను.

పోనూ పోనూ లోతు పెరుగుతుంటే ముందు అనుమానించాల్సింది బిట్ కిందకి జారుతోందా అని. మనం వాడే అప్‌కట్ స్పైరల్ బిట్లు రజనుని పైకి తోస్తాయి, ఆ బలానికి బిట్ తనను తాను చెక్కలోకి లాక్కుంటుంది. కొల్లెట్ పట్టు వదులైతే కొంచెం కొంచెంగా బయటకి వస్తుంది. చూడటానికి ఖర్చేమీ లేదు, కొల్లెట్ నట్ అంచు దగ్గర బిట్ షాంక్ (కొల్లెట్ పట్టుకునే కాడ) మీద సన్నటి మార్కర్ గీత గీశాను, అంతే. పని అయ్యాక చూస్తే గీత నట్ నుంచి స్పష్టంగా కిందకి దిగి ఉంది. బిట్ తీసి చూస్తే షాంక్ మీద గోధుమ రంగు మచ్చలు, అక్కడక్కడా మెరుపు. షాంక్ కొల్లెట్‌లో కదిలితేనే ఆ మచ్చలు పడతాయి. కొల్లెట్ లోపల చెక్క జిగురు నల్లగా గట్టిపడి ఉంది, నోరు కూడా కొంచెం వెడల్పైంది, అంటే షాంక్‌ని చివర మాత్రమే పట్టుకుంటోంది.

థిన్నర్‌లో నానబెట్టి బ్రష్‌తో తోమాను. కొంత మెరుగైంది గానీ పోలేదు. కొత్త కొల్లెట్ ఆర్డర్ పెట్టాను. వారం పైన పట్టింది, వచ్చినది నేను అడిగిన సైజు కాదు, 6 మి.మీ. అడిగితే 3.175 పంపారు. వాపసు పంపి మళ్ళీ ఎదురుచూడటం. ఆ రోజులు చాలా భారంగా గడిచాయి. మిషన్ ఖాళీగా, ఇన్‌లే అడిగినవాళ్ళు రెండు రోజులకోసారి "అయిందా అండీ" అని ఫోన్ చేస్తుంటే, ఏం చెప్పాలో తెలియక ఫోన్ మోగితేనే టెన్షన్. వాళ్ళకి చివరికి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, లోతు కుదరడం లేదు, కుదరనిది ఇవ్వలేను అని. కోప్పడతారనుకున్నాను, "మంచిదేలెండి, సరిగ్గానే ఇవ్వండి" అన్నారు. ఆ ఒక్క మాటతో చాలా ఊపిరి పీల్చుకున్నాను.

కొల్లెట్ కొనేవాళ్ళకి ఒక మాట. 6 మి.మీ. షాంక్ వేరు, పావు అంగుళం షాంక్ వేరు, అది 6.35. చూడటానికి ఒకేలా ఉంటాయి. ఈఆర్11 కొల్లెట్ అర మిల్లీమీటరు దాకా ముడుచుకోగలదు కాబట్టి 6.35 కొల్లెట్‌లో 6 మి.మీ. బిట్ పెడితే బిగిసినట్టే ఉంటుంది, కానీ పట్టు నిండుగా ఉండదు. షాంక్‌ని మైక్రోమీటరుతోనో వెర్నియర్‌తోనో కొలిచి దానికి సరైన కొల్లెట్టే వాడాలి. బిగించేటప్పుడు కూడా కొల్లెట్‌ని ముందు నట్‌లోకి టక్కుమని కూర్చోబెట్టి, ఆ తర్వాతే నట్‌ని స్పిండిల్‌కి ఎక్కించి, చివర్లో బిట్ పెట్టాలి. కొల్లెట్‌ని విడిగా స్పిండిల్‌లో పడేసి పైన నట్ తిప్పితే అది ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది, బిట్ ఊగుతుంది.

కొత్త కొల్లెట్ మార్చి చివరి వారంలో వచ్చింది. పెట్టి నడిపితే పాకెట్లన్నీ 6.0, ఎక్కడైనా తేడా ఉంటే 0.05 లోపు. మార్కర్ గీత కదలలేదు. ఇన్‌లే పని రెండు రోజుల్లో పూర్తి చేసి ఇచ్చేశాను.

కథ అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఏప్రిల్ మొదట్లో వేరే పని, ఒక ప్యానెల్ నిండా రంధ్రాలు, వందకి పైనే, ఒక్కొక్కటి 8 మి.మీ. లోతు. మొదటిది 8.0, చివరిది 8.6. చూసి నేల మీద కూర్చుండిపోయాను. మార్కర్ గీత చూశాను, కదలలేదు. బోర్డు కొలిచాను, సమంగానే ఉంది. పాకెట్ల ప్రోగ్రాం మళ్ళీ వేస్తే 6.0. రంధ్రాలు వేస్తే మాత్రం దిగిపోతోంది.

ఈసారి చెక్క వాడలేదు. స్పిండిల్ ఆపేసి, బిట్ తీసేసి, జెడ్‌ని 5 మి.మీ. ఎత్తులో నిలిపి, డయల్ గేజ్‌ని అక్కడ సున్నా చేసి, సూదిని పక్కకి తిప్పి, రంధ్రాల ప్రోగ్రాం మొత్తం గాలిలో నడిపాను. అయ్యాక మళ్ళీ అదే 5 మి.మీ. ఎత్తుకి రప్పించి సూది ఆనిస్తే 0.6 కిందకి ఉంది. కోయకుండానే. అంటే బిట్, చెక్క, కొల్లెట్, బోర్డు, వీటిలో దేనికీ సంబంధం లేదు. ఒక్క కొలతతో సగం అనుమానాలు పోయాయి. గాలిలో నడిపి చూసే ఈ పరీక్షకి షీట్ ఖర్చు కూడా లేదు.

మెకానికల్‌గా ఏముంటుందో అన్నీ చూశాను. బాల్ స్క్రూకీ మోటారు షాఫ్ట్‌కీ మధ్య కప్లింగ్ గ్రబ్ స్క్రూలు వదులైతే షాఫ్ట్ జారుతుంది, అందుకని షాఫ్ట్ మీదుగా కప్లింగ్ మీదకి ఒక గీత గీసి నడిపాను, గీత విడిపోలేదు. స్పిండిల్‌ని చేత్తో పైకి కిందకి తోసి డయల్ చూశాను, 0.03 కదిలి వెనక్కి వచ్చింది. స్క్రూకి పైన సరైన బేరింగ్ లేకుండా స్ప్రింగ్ రకం కప్లింగ్ మీదే వేలాడే మిషన్లలో ఇక్కడే అర మిల్లీమీటరు సాగుతుంది, మీది అలాంటిదైతే ముందు ఇది చూడండి. నాది కాదు.

నాకు ఈ పనిలో అన్నలాంటి ఒకాయన ఉన్నాడు, చాలా ఏళ్ళుగా రౌటర్ నడుపుతున్నాడు. "మోటారు స్టెప్పులు మిస్ అవుతున్నాయి తమ్ముడూ, స్పిండిల్ బరువుకి పైకి ఎత్తేటప్పుడు మోటారు తేలిపోతోంది, యాక్సిలరేషన్ తగ్గించు, కరెంటు పెంచు" అన్నాడు. మాట సబబే. పైకి ఎత్తేటప్పుడు స్టెప్పులు పోతే కంట్రోలర్ తాను పైన ఉన్నాననుకుంటుంది, నిజానికి కింద ఉంటుంది, తర్వాత దించినప్పుడు ఎక్కువ దిగుతుంది. నా తేడా ఆ దిక్కులోనే ఉంది. యాక్సిలరేషన్ సగానికి తగ్గించాను. 0.6. స్పీడు తగ్గించాను. 0.6. డ్రైవర్ కరెంటు ఒక మెట్టు పెంచాను, మోటారు వేడెక్కింది, తేడా మాత్రం 0.6.

ఆ రాత్రి పడుకున్నాక తట్టింది. బరువుకి తట్టుకోలేక స్టెప్పులు పోతుంటే ఒకసారి 0.3, ఒకసారి 1.2 రావాలి, స్పీడు తగ్గిస్తే తగ్గాలి. ఇది ప్రతిసారీ అంత కచ్చితంగా ఒకటే వస్తోందంటే బలం చాలకపోవడం కాదు, లెక్క ప్రకారం ఏదో పోతోంది. రంధ్రం రంధ్రానికి జెడ్ ఒకసారి దిగి ఒకసారి లేస్తుంది. పాకెట్ ప్రోగ్రాంలో జెడ్ కొన్నిసార్లే దిక్కు మారుతుంది, అందుకే అక్కడ కనపడలేదు. 0.6ని వంద రంధ్రాలతో భాగిస్తే 0.006. మిల్లీమీటరుకి 320 పల్స్‌లు కాబట్టి ఒక పల్స్ అంటే సుమారు 0.003. అంటే రంధ్రానికి సరిగ్గా రెండు పల్స్‌లు. లేచి దీపం వేసి మళ్ళీ లెక్క వేసుకున్నాను. సరిపోయింది.

పొద్దున్నే డ్రైవర్ మాన్యువల్ తీశాను. అందులో టైమింగ్ బొమ్మ ఉంటుంది, మనం ఎవరమూ చూడం. డైరెక్షన్ సిగ్నల్, పల్స్ అంచు కన్నా కనీసం 5 మైక్రో సెకన్ల ముందు రావాలి అని రాసి ఉంది. కంట్రోలర్ ఆ రెండూ దాదాపు ఒకేసారి పంపిస్తే, దిక్కు మారే క్షణంలో డ్రైవర్‌కి ఇంకా పాత దిక్కే కనిపిస్తుంది, మొదటి పల్స్ పాత దిక్కులో పోతుంది. పైకి పోవాల్సిన ఒక పల్స్ కిందకి పోతే తేడా రెండు పల్స్‌లు. రెండు వైపులా ఇలాగే జరిగితే ఒకదానికొకటి కొట్టేసుకుంటాయి, కానీ సిగ్నల్ ఎక్కడానికి పట్టే టైము, దిగడానికి పట్టే టైము ఒకటి కాదు కాబట్టి ఒక వైపే జరుగుతోంది. అందుకే మెల్లగా కిందకి కొట్టుకుపోతోంది.

దీనికి మందు జీఆర్‌బీఎల్‌లో $2, స్టెప్ పల్స్‌ని తిరగేసే సెట్టింగ్. అందులో జెడ్‌కి సంబంధించినది మాత్రమే మార్చాలి, $2=4. అప్పుడు డ్రైవర్ స్పందించే అంచు పల్స్ చివరికి మారుతుంది, $0 లో పల్స్ వెడల్పు 10 మైక్రో సెకన్లు ఉంది కాబట్టి డైరెక్షన్‌కి ఆ పది మైక్రో సెకన్ల వ్యవధి దొరుకుతుంది. ఆ సెట్టింగ్ మార్చి, కరెంటు ఒకసారి ఆపి మళ్ళీ వేసి, డయల్ గేజ్ సున్నా చేసి, రంధ్రాల ప్రోగ్రాం గాలిలో నడిపాను. నడుస్తున్నంతసేపూ పక్కనే నిలబడ్డాను. తిరిగి వచ్చాక సూది సున్నా మీద ఆగింది. నమ్మలేక ప్రోగ్రాంని వరసగా మళ్ళీ మళ్ళీ నడిపాను. సున్నా.

అందరి మిషన్‌కీ ఇదే మందు అని కాదు. వైర్లు కలిపిన పద్ధతిని బట్టి కొన్నిటికి ఇప్పుడున్నదే సరైనది, మారిస్తే లేని జబ్బు వస్తుంది. గాలిలో నడిపి డయల్‌తో కొలిచి, అప్పుడే ముట్టుకోండి. ఎక్స్, వై లకి కూడా ఇదే జరగొచ్చు, నా వాటిలో చూశాను, అక్కడ తేడా లేదు, వదిలేశాను.

ఇప్పుడు మిగిలినవి చిన్నవి. స్పిండిల్ చల్లగా ఉన్నప్పుడు జీరో తీసుకుంటే వేడెక్కాక మిల్లీమీటరులో కొన్ని వందో వంతులు పొడుగవుతుంది, అందుకని పది నిమిషాలు తిప్పి అప్పుడు జీరో తీస్తున్నాను. డస్ట్ షూ (స్పిండిల్ చుట్టూ దుమ్ము లాగే తొడుగు) బ్రష్ వెంట్రుకలు మరీ పొడుగ్గా ఉంటే షీట్ మీద ఒత్తి జెడ్‌ని పైకి తోస్తాయి, వాటిని కొంచెం కత్తిరించాను. వీ బిట్‌తో అక్షరాలు చెక్కేవాళ్ళకి ఇవన్నీ ఇంకా ముఖ్యం, 90 డిగ్రీల బిట్‌కి లోతులో 0.2 తేడా వస్తే గీత వెడల్పు 0.4 మారుతుంది, అది కంటికి కనిపిస్తుంది. పెన్సిల్ అంకెలున్న ఆ మొదటి షీట్‌ని మాత్రం పారేయలేదు, కొత్త తేడా ఏదైనా వస్తే ముందు దాని పక్కన పెట్టి పోల్చుకుంటాను. రంధ్రాల ప్రోగ్రాంని విడిగా సేవ్ చేసి పెట్టుకున్నాను, డ్రైవర్‌లో గానీ కంట్రోలర్‌లో గానీ ఏం మార్చినా ముందు అది గాలిలో ఒకసారి నడుస్తుంది.